ఉపగ్రహం మా కాలనీ మీదికెళ్లి పోయిన నాడు

నా రిటైర్మెంట్ నాడు సర్వే ఆఫీసు పిల్లలు అడిగిన్రు, "అక్కా, ఇంత సర్వీసుల మీకు బాగ యాదుండే పనేది?" అని. నీళ్లు మోపై గని మునిగిన కథనో, కప్పు కూలిన కథనో చెప్తననుకున్నరేమో. నాకు ఎప్పుడు యాదికొచ్చినా నవ్వొచ్చేది ఉపగ్రహం ఫోటో కథ ఒక్కటే. ఆ రోజు దండలు, శాలువలు, చాయ్, సమోసాల నడుమ చెప్పే మోక దొరకలే. ఇప్పుడు ఆ పిల్లల కోసమే తీరిగ్గ రాస్తున్న. పేర్లు మాత్రం రాయ. అందరు గోదావరిఖనిలనే ఉన్నరు, కూరగాయల మార్కెట్ల ఎదురువడ్తరు.

మా నాయన భూమి లోపలికి దిగి బొగ్గు తీసినాయన. ఒంట్లె బాగలేక డ్యూటీకి పనికిరాడని డాక్టర్లు రాసిస్తే ఆ నౌకరి నాకొచ్చింది. ఆడపిల్లను గనిలకు పంపరు గనుక సర్వే ఆఫీసుల పడేసిన్రు. మొదట్ల నా పనేందంటే కుండల నీళ్లు నింపుడు, చుట్టలు చుట్టిన మ్యాపుల దుమ్ము దులుపుడు. దులుపుకుంట దులుపుకుంట మ్యాపు చదువుడు నేర్చుకున్న, ట్రేసింగ్ నేర్చుకున్న. తర్వాత కంప్యూటర్లొచ్చినయి. మౌస్ పట్టుకునేటందుకు మగోళ్లు సిగ్గుపడ్తుంటే నేను పట్టుకున్న. గట్ల ఆకాశం పైనుంచి తీసిన ఫోటోలు చూసే సీట్ల కూసున్న.

ఉపగ్రహం ఫోటోలతోని మాకేం పనంటే, భూమిని పైకెళ్లి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులల్ల బొగ్గు మీది మట్టినంత తీసి పక్కన గుట్టలు పోస్తరు. ఆ గుట్టల మీద చెట్లు పెంచాలె. పెంచినమా లేదా అని ఏడాదికొకసారి ఆకాశంలకెళ్లి ఫోటో తీయించి లెక్క చూపియ్యాలె. గంతే.

ఆ యేడు ఆ ఫోటోలు తీసే సంస్థ ఇంకో ముచ్చట మోసుకొచ్చింది. దేశంల ఉన్న ప్రకృతి వింతలను పైకెళ్లి ఫోటోలు తీసి పెద్ద బొమ్మల పుస్తకం వేస్తున్నమని, మీ దిక్కు అసొంటి జాగలేమన్న ఉంటే చెప్పుమని అడిగిన్రు. మా ఏరియా జనరల్ మేనేజరుకు, ఆయనను మేం పెద్ద సారంటం, ఆ మాట చెవుల పడంగనే పాత ఓపెన్‌కాస్ట్ చెరువు యాదికొచ్చింది. బొగ్గు ఒడిసిపోయినంక ఆ గుంతల వాన నీళ్లు నిండినయి. నీళ్లు నెమలి మెడ రంగుల ఉంటయి. చుట్టూత మట్టి గుట్టలు, వాటి మీద చెట్లు. పెండ్లికి ముందు జంటలు ఫోటోలు దిగేటందుకు మంచిర్యాల కెళ్లి కూడ వస్తరు.

మా సెక్షన్‌కు కొత్తగ వచ్చిన ఆఫీసరమ్మ, ఆమెను చిన్న మేడమనేటోళ్లం, మీటింగుల లేచి నిలవడ్డది. గుంటూరు దిక్కు పిల్ల. అబద్ధం ఆడుడు రాదు, ఎవలన్న ఆడితే ఊకునుడు గూడ రాదు.

"సార్, వాళ్లు ప్రకృతి వింతలు అడిగారు. ఇది మనం తవ్విన గొయ్యి కదండీ."

"తవ్వింది మనం. నింపిందెవరు?"

"వానండీ."

"రంగు ఇచ్చిందెవరు?"

"ఎండ... సున్నపు మట్టి..."

"గుట్ట మీద చెట్లు?"

"అవి మనమే నాటాం సార్."

"నాటింది మనమే. పెరిగింది చెట్టే గదమ్మా. రాయి. ప్రకృతి వింత."

ఆమె రాసింది. కాని కింద చిన్న అక్షరాలల్ల 'గని తవ్వగా ఏర్పడినది' అని కూడ రాసింది. పెద్ద సారు చత్వారం అద్దాలు మరిచిపోయి సంతకం పెట్టిండు.

ఆ పుస్తకం ఎట్లుంటదో తెలుసుకునేటందుకు నమూనా బొమ్మలు పంపిన్రు. ఒక పొద్దు మేడం నన్ను పక్కన కూసోబెట్టుకొని ఒక్కొక్కటి చూపిచ్చింది. ఉప్పు ఎడారి పగిలిన పాల మీగడ లెక్క ఉన్నది. సముద్రంల కలిసే కాడ నది చెట్టు వేర్ల లెక్క చీలిపోయి ఉన్నది. మంచు కొండల నడుమ కెళ్లి గడ్డ కట్టిన నీళ్ల తోవ, పాము కుబుసం ఇడిసినట్టు. ఎన్నడో ఆకాశంలకెళ్లి రాయి పడి అయిన గుండ్రటి చెరువు, ఎవలో గిన్నె బోర్లిచ్చి అచ్చు తీసినట్టు. చాయ్ చల్లారిపోయిందన్న సోయి లేదు నాకు. గింత అందమైన భూమి మీద తిరుగుకుంట, గిన్ని రోజులు నేను బజారు, క్వార్టరు, ఆఫీసు తప్ప ఏం చూడలే గదా అనిపిచ్చింది. మా నాయన ఉంటే చూపియ్యాలె అనుకున్న. ఆయన జిందగీ అంత దీని లోపలనే ఉన్నడాయె.

"మన చెరువు వీటి పక్కన నిలుస్తుందంటారా అక్కా?" అన్నది మేడం.

"నిలిస్తే నిలుస్తది మేడం, లేకుంటే పక్కకు కూసుంటది," అన్న.

కొన్ని దినాలకు ఫలానా రోజు పొద్దుగాల ఉపగ్రహం మీ మీదికెళ్లి పోతదని కబురొచ్చింది. ఇగ చూడుర్రి. ముఖ్యమంత్రి వస్తుంటే కూడ గంత హడావుడి చేసి ఉండరు. పెద్ద సారు అందరిని పిలిచిండు. ఆ పూట బ్లాస్టింగ్ బంద్. లారీల రోడ్ల మీద దుమ్ము లేవకుంట నీళ్లు కొట్టాలె. చెరువుల బర్లు ఉండద్దు. క్వార్టర్లు చూసుకునే ఎస్టేట్ ఆఫీసరు ఎంతో ఆలోచన చేసి అడిగిండు, "మనం ఒడ్డున నిలవడితే మొఖాలు తెలుస్తయా?"

"తెలవవండీ. మనిషి చుక్కంత కూడా కనపడడు," అన్నది మేడం.

"గట్లయితే ఇస్త్రీ షర్ట్ అక్కర్లేదు," అని ఆయన నిమ్మళమైండు.

అసలు లొల్లి క్యాంటీన్ల పుట్టింది. మా సెక్షన్‌ల మ్యాపులు అచ్చు తీసే ప్లాటర్ మిషన్ మీద పనిచేసే భాయ్ ఉండె. మంచోడు, పనిమంతుడు. కాని నోరు తెరిస్తే మజాక్. క్వార్టర్ల ఆఫీసు క్లర్కు ఒకాయన "ఆ ఫోటోల ఏమేం కనవడ్తయి భాయ్?" అని అడిగిండట. ఈయన చాయ్‌ల బిస్కెట్ ముంచుకుంట, "క్యా నై దిఖ్తా సాబ్, కనవడనిదేముంది! ఎవల ఇంటెనుక ఎంత షెడ్డు వేసుకున్నరో ఇంచులతో సహా కనవడ్తది. అసలు ఫోటో గందుకే తీస్తున్నరు, చెరువనేది ఊకె ఒక సాకు," అన్నడట.

మా క్వార్టర్ల సంగతి మీకు తెలుసు. రెండర్రలు, ఒక వంటిల్లు. పిల్లలు పెద్దగయితరు, కోడండ్లొస్తరు, అల్లుండ్లొస్తరు. గోడలు ఎటూ జరగవు. గందుకని ప్రతి ఇంటెనుక ఒక రేకుల షెడ్డుంటది. రూలు ప్రకారం ఉండద్దు. కాని రూలుకు కూడ పిల్లలున్నరు గనుక చూసీ చూడనట్టు పోతుండె.

పొద్దుమీకి నేను ఇంటికొచ్చేటాల్లకు ముచ్చట నాకంటె ముందే వచ్చి కూసున్నది. మా గోడవతలి అక్క కొంగు నడుముకు చెక్కి నాకోసమే నిలవడ్డది. ఆమె పెనిమిటి రిటైరైన గని కార్మికుడు, దమ్ము రోగంతోని మంచంల ఉంటుండె. బిడ్డ, అల్లుడు, చంటిపిల్ల ఎనుక షెడ్డుల ఉంటున్నరు. అల్లుడు బసంత్‌నగర్ కెళ్లి సిమెంటు లారీ నడుపుతడు. అక్క మాట మిర్చి ఘాటు. కాని నాకు జ్వరమొస్తే గంజి తెచ్చి తాగిచ్చింది గూడ ఆమెనే.

"ఏందే, షెడ్లన్ని ఫోటోలు తీసి కూలగొడ్తరట గద?"

"ఉత్తదే అక్కా. చెరువు ఫోటో తీస్తున్నరు. పుస్తకంల వేసేటందుకు."

"చెరువును గా ఆకాశంలకెళ్లి ఎందుకు తీస్తరే? గట్టు మీద నిలవడి ఫోన్ల తీస్తే రాదా?"

నేను గోడకు ఇంకింత దగ్గర జరిగిన.

"నా మాట నమ్మక్కా. ఏం ఫికర్ లేదు."

"నువ్వు ఆఫీసోళ్ల మనిషివి. నీకేం ఫికరుంటది," అని లోపలికి పోయింది.

మరునాటికెల్లి కాలనీల పచ్చరంగు మొదలైంది. మొక్కల మీద కప్పే పచ్చ నెట్టు బజార్ల ఒడిసిపోయింది. పైకెళ్లి చూస్తే చెట్లనుకుంటరని ఉపాయం. అక్క అల్లుడు లారీ మీద కప్పే పచ్చ తార్పాలిన్ తెచ్చిండు. దొరకనోళ్లు రేకులకు పచ్చ పెయింట్ కొట్టిన్రు. రామకృష్ణాపూర్‌ల చుట్టాలున్నోళ్లు ఆడికెళ్లి తెప్పిచ్చుకున్నరు, గక్కడ గూడ గదే కథ మొదలైందట. మొత్తం లైన్లల్ల కప్పనిది నా ఒక్కదాని షెడ్డే. నాకు నిజం తెలుసు గద మరి, ఎందుకు కప్పుకుంట?

భాయ్‌ని ఆఫీసుల పట్టుకొని కడిగేసిన. "నీ నోరు పాడుగాను, ఏమన్నవయ్యా క్యాంటీన్ల?"

ఆయన మొఖం వాడిపోయి ఉన్నది. "అక్కా, మజాక్ చేసిన. నిన్న ఇంటికి పోతే మా ఇంటామె షెడ్డు మీద పచ్చ షామియానా కట్టింది. ఎందుకే అంటే, 'అందరు అంటున్నరు, నీకు తెల్వదా, నువ్వు గదే ఆఫీసుల ఉండి ఏం లాభం' అని నన్నే తిట్టింది. నేనే పుట్టిచ్చిన అంటే నమ్ముతలేదు. 'గంత తెలివి నీకెక్కడిది' అంటున్నది."

ఉపగ్రహం వచ్చే రోజు రానే వచ్చింది. ఆకాశం కడిగిన స్టీలు పళ్లెం లెక్క ఉన్నది. పెద్ద సారు కొత్త హెల్మెట్ పెట్టుకొని చెరువు గట్టు మీదికొచ్చిండు. మేమందరం వరుసగ నిలవడ్డం. మొఖాలు కనవడవని తెలిసినా భాయ్ తల దువ్వుకున్నడు. కాపలావాళ్లు బర్లను ఒక ఒడ్డుకెళ్లి తోలుతుంటే అవి ఇంకో ఒడ్డుకెళ్లి దిగుతున్నయి. పెద్ద సారు మెడ ఎత్తి, "ఎటు చూడాలె?" అన్నడు.

"ఎటూ చూడక్కర్లేదు సార్. కనపడదు," అన్నది మేడం వాచీ చూసుకుంట.

అయినా అందరం మీదికే చూస్తున్నం. అప్పుడు మంచిర్యాల దిక్కుకెళ్లి ఒక మబ్బు ముక్క వచ్చింది. ఎక్కువ కాదు, ఒక గొంగడంత. నిమ్మళంగ నడుసుకుంట వచ్చి, సరిగ్గ మా నెత్తి మీదికొచ్చి, చెరువు మీద నీడ పరిచి ఆగింది. పెద్ద సారు హెల్మెట్ తీసి చేతుల పట్టుకున్నడు, ఎవలన్న పోయినప్పుడు నిలవడ్డట్టు.

"అయిపోయిందండీ. వెళ్లిపోయింది," అన్నది మేడం.

"ఎవరు, మబ్బా?"

"కాదు సార్. ఉపగ్రహం."

ఆ మాట అయిన కొద్ది సేపటికి మబ్బు కూడ పోయింది. చెరువు నెమలి మెడ లెక్క తళతళ మెరిసింది. బర్లన్నీ దాంట్లెనే ఉన్నయి.

ఫోటో వచ్చినంక చూస్తే అనుకున్నట్టే ఉన్నది. చెరువు ఉండాల్సిన కాడ దూది ముద్ద. మిగిలిన ఏరియా మాత్రం అద్దం లెక్క వచ్చింది. పెద్ద సారు రెండు దినాలు మాతోని మాట్లాడలే. మూడో నాడు, కంపెనీ పండుగకు స్టేడియంల స్టాళ్లు పెడ్తరు గద, మన స్టాల్ల ఈ ఫోటోనే గోడంత అచ్చు తీసి పెట్టుర్రి, గుట్టల మీద చెట్లన్న చూపిద్దాం అన్నడు. మేడం చెట్లు కొట్టొచ్చినట్టు కనవడే రంగులల్ల తయారు చేసింది. ఆ రంగుల పద్ధతి వేరే ఉంటది. కన్నుకు కనవడని ఎండ కిరణాలను కూడ కెమెరా పడ్తది. పచ్చని ఆకు ఆ కిరణాలను బాగ ఎగరగొడ్తది గనుక, ఫోటోల బతికున్న చెట్టు ఎర్రగ కనవడ్తది. నీళ్లు నల్లగ, రేకులు, సిమెంటు బూడిద రంగుల.

ప్లాటర్ మిషన్‌ల కెళ్లి కాగితం కొద్దికొద్దిగ బయటికొస్తున్నది. గుట్టలొచ్చినయి, కుంకుమ పోసినట్టు ఎర్రగ. భాయ్ "వారెవ్వా" అన్నడు. తర్వాత మా కాలనీ రావడం మొదలైంది. లైన్ల ఎంబడి లైన్లు, ప్రతి ఇంటెనుక ఒక నీలం గడి. మెరిసే నీలం. చెప్పి పెట్టినట్టు, వరుసగ.

మేడం కండ్లద్దాలు సవరించుకున్నది. "ఇవేంటి? స్విమ్మింగ్ పూల్సా?"

భాయ్ నా దిక్కు చూసిండు.

"కాదే, నీళ్లయితే నల్లగా ఉండాలి," అని తనే అన్నది. అంతల్నే నవ్వింది. "ఓ! పచ్చగా ఉండి, చెట్టు కానివి. పచ్చ గుడ్డ, పచ్చ పెయింట్ ఇలా నీలంగానే వస్తాయి. యుద్ధాల్లో ఆకుపచ్చ వలల కింద దాచిన ఫిరంగుల్ని ఇలాగే పట్టేవాళ్లట. మన కాలనీలో ఫిరంగులెందుకున్నాయక్కా?"

కప్పకపోతే ఏ షెడ్డూ తెలవకపోతుండె. పాత రేకులు ఇంటి కప్పుల కలిసిపోయి బూడిద రంగుల ఉండేటివి. దాచిపెట్టుకున్నోళ్లందరు వేలు పెట్టి చూపిచ్చినట్టు దొరికిన్రు. దాచుకోనిది నేనొక్కదాన్నే, నాదొక్కటే కనవడ్తలేదు. రేపు ఎస్టేట్ సారు చూస్తడు. ఎల్లుండి నోటీసులొస్తయి. చంటిపిల్లను పట్టుకొని అక్క బిడ్డ యాడికి పోతది?

మేడానికి అంతా చెప్పినం. ఆమె తెల్లబోయింది. "మళ్లీ మామూలు రంగుల్లో తీద్దామా?" అన్నది. కాని ప్లాటర్ల గంత పెద్ద కాగితం ఇంకోటి లేదు, పండుగ తెల్లారితే. అప్పుడు భాయ్ ఉపాయం చెప్పిండు. ఏ రంగు దేన్ని చూపిస్తదో చెప్పే సూచిక డబ్బా ఉంటది గద, దాన్ని పెద్దగ అచ్చు తీసి సరిగ్గ కాలనీ మీద అంటిస్తే సరిపోతదని. మేడం మనసు ఒప్పలే. "సూచిక మూలన కదా ఉండాలి," అన్నది. పర్సు తీసుకొని, "నేను బయటికెళ్లి టీ తాగొస్తాను," అన్నది. ఆమె టీ తాగొచ్చేటాల్లకు మా కాలనీ మాయమైంది.

పండుగ నాడు స్టేడియం కిటకిటలాడింది. మందమర్రి కెళ్లి కూడ బస్సులల్ల వచ్చిన్రు. మా స్టాలు ముందట జనమే జనం. గుట్టలెందుకు ఎర్రగున్నయని ఎవలూ అడగలే. అందరిదీ ఒకటే సవాల్, "మా ఇల్లేది?"

"ఈ ముక్కల మీ కాలనీ రాలే," అని భాయ్ చెప్తున్నడు.

మా గోడవతలి అక్క బిడ్డను, చంటిపిల్లను ఎంటేసుకొని వచ్చింది. బొమ్మను పై నుంచి కిందికి చూసింది. "గిది స్టేడియం. గిది దవాఖాన. గిది మా ఇండ్ల దిక్కు పోయే సడుగు. మరి సడుగు ఈ కాయితం కిందికే పోయింది గద?" అన్నది. నేను "అక్కా అక్కా" అంటనే ఉన్న. ఆమె గోరుతోని సూచిక అంచు పట్టి లాగింది. భాయ్ పూసిన గమ్ము ఎండకు ఎప్పుడో ఎండిపోయింది. సర్రున ఊడి ఆమె చేతులకొచ్చింది.

నీలం గడులు. లైన్ల ఎంబడి లైన్లు.

సరిగ్గ గప్పుడే ఎస్టేట్ సారు స్టాల్లకొచ్చిండు. "అబ్బ, నీలం చుక్కలు భలే ఉన్నయి. ఏంటివి మేడం?" అన్నడు. పాపం ఆయనకేం తెల్వదు. మేం ఊకుంటే ఆయన అట్లనే పోయేటోడు. మేడం నోరు తెరిచింది, మల్ల మూసుకున్నది. అబద్ధం ఆడుడు రాని మనిషి ఊకునేటందుకు ఎంత కష్టపడ్తున్నదో నాకు కనవడ్తున్నది. కాని అక్క ఊకోలే. ఆమె వేలు లైను పొడుగూత పోయింది, ఒక్క కాడ ఆగింది.

"గిది నా షెడ్డు! గిది నా పక్కింటోళ్లది! గిది డ్రిల్లరు ఇంటోళ్లది! అందరియి ఉన్నయి. దీనిది లేదు!" అని నా దిక్కు తిరిగింది. "నీదెట్ల కనవడ్తలేదే? 'ఫికర్ లేదక్కా' అంటివి. నీది తుడుసుకొని మమ్మల పట్టిచ్చినవానే?"

"అక్కా, నేను కప్పలే. కప్పినయే కనవడ్తున్నయి."

"కప్పినయి కనవడ్తయా? కప్పనియి కనవడయా? నాకేమన్న చెవుల పువ్వు పెడ్తున్నవా?"

చుట్టున్నోళ్లు కూడ ఆమె దిక్కే మాట్లాడిన్రు. నిజం చెప్తే నమ్మేటట్టు లేదు, ఎందుకంటే అది నమ్మేటట్టుగ లేనే లేదు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గా కాలనీల పుట్టి పెరిగిన దాన్ని నేను.

ఎస్టేట్ సారు మొఖంల ఇప్పుడు లైటు వెలిగింది. "అంటే ఇవన్ని షెడ్లా? గిన్నా!" అని ఫోను తీసి ఫోటో కొట్టబోతుంటే పెద్ద సారు, ఆయన భార్య, ఎంబడి పెద్ద ఆఫీసర్లు స్టాల్లకొచ్చిన్రు. ఎస్టేట్ సారుకు ఎక్కడలేని హుషారొచ్చింది. "సార్ సార్, చూడండి. మనం మనుషులను పెట్టి సర్వే చేయిస్తే ఏడాది పట్టేది. ఒక్క ఫోటోల దొరికిన్రు. ఇదిగో, దీన్ని చూడండి. అన్నిటికంటె పెద్దది. గింత పెద్ద షెడ్డు వేసుకున్నోడు ఎవడో గాని వాని ధైర్యానికి..."

ఆయన వేలు కార్మికుల లైన్లు దాటి ఆఫీసర్ల బంగ్లాల దిక్కు పోయిందని ఆయన చూసుకోలే.

పెద్ద సారు భార్య బొమ్మ దగ్గరికొచ్చి మంచిగ చూసి, సంబురంగ, "ఏమండీ, ఇది మనదే! మన వెనక వంట షెడ్డు. తోటమాలి ఏదో కూలగొడతారంటమ్మా అని పచ్చ నెట్టు కట్టాడు, గుర్తులేదూ? ఎంత బాగా పడింది!" అన్నది.

ఆడెక్కడో మైకుల ఎవలో తప్పిపోయిన పిల్ల పేరు పిలుస్తున్నరు. ఎస్టేట్ సారు వేలు ఇంకా గక్కడనే ఉన్నది. దాన్ని తీస్తే తప్పు ఒప్పుకున్నట్టైతది, ఉంచితే నౌకరి పోయేటట్టున్నది. ఆయన తన వేలును తనదే కాదన్నట్టు చూస్తున్నడు.

పెద్ద సారు మెల్లగ అద్దాలు పెట్టుకున్నడు. బొమ్మను చాలా సేపు చూసిండు. ఆయన తెలివి మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే.

"షేడ్ నెట్లు," అన్నడు. "మొక్కల పెంపకం. కాలనీల ప్రతి ఇంటెనుక మొక్కలు పెంచుతున్నరు. నేనే చెప్పిన. అవునా, కాదా?"

"అవును సార్!" భాయ్ అందరికంటె ముందు అన్నడు.

"కానీ సార్, మొక్కలుంటే ఎర్రగా..." మేడం మొదలుపెట్టింది. నేను ఆమె చెయ్యి గట్టిగ పట్టుకున్న. ఆమె నా దిక్కు చూసి, "ఇంకా చిన్న మొక్కలండీ. పెరిగాక ఎర్రగా వస్తాయి," అన్నది. ఆమె సర్వీసుల ఆడిన మొదటి అబద్ధం అదే అయ్యుంటది. చెమటలు పట్టినయి పాపం.

"వింటివా?" పెద్ద సారు ఎస్టేట్ సారు దిక్కు తిరిగిండు. "నర్సరీకి చెప్పు. నీలం ఉన్న ప్రతి ఇంటికి తీగ మొక్కలియ్యాలె. సొర, బీర, చిక్కుడు. పందిరి షెడ్డు మీదికి పాకాలె. వచ్చే యేడు ఫోటోల ఇవన్ని ఎర్రగ లేకపోతే నాకు నువ్వు జవాబు చెప్పాలె."

గట్ల షెడ్లు దక్కినయి. కూలగొట్టేటందుకు నోటీసు పట్టుకొని రావాల్సినాయన, సొర విత్తనాలు పట్టుకొని గడప గడపకు తిరిగిండు. "నీళ్లు పోస్తున్నరా? పురుగు పట్టలేదు గద?" అని అడుగుకుంట. పురుగు పడితే ఆయన మొఖమే ముందు వాడుతుండె.

ఇగ పుస్తకం సంగతి. మన చెరువును తీసుకోలేమని జవాబొచ్చింది. మబ్బు గురించి కాదట, మనుషులు తవ్వింది గనుక. మేడం రాసిన చిన్న అక్షరాలను ఆడెవలో అద్దాలు పెట్టుకొనే చదివిన్రు. కాని అదే ఫోటో అంచుకు గోదావరి పడ్డది, ఎండకాలం ముందు ఇసుక తిన్నెల నడుమ జడలు జడలుగ అల్లుకున్న నీళ్లు. ఆ ముక్కను పుస్తకంల వేసిన్రు. దాన్ని ఎవలం పంపలే, ఎవలం చూడనైన చూడలే. పెద్ద సారు ఆ పేజీకి ఫ్రేము కట్టిచ్చి తన గదిల పెట్టుకొని, వచ్చినోళ్లకు "మన ఏరియా" అని చూపెడ్తుండె. ఆయన అన్నది తప్పు కూడ కాదు.

నా సంగతే ఎటూ తెగలే. షెడ్లు దక్కినా అక్క నాతోని మాట్లాడుడు బంద్ చేసింది. గోడ మీద బట్టలారేసేటప్పుడు నా దిక్కు వీపు పెడ్తుండె. మేడం ఒకసారి నా కోసం అక్క ఇంటికి పోయి ఆకు, పచ్చ గుడ్డ, ఎండ కిరణాలు అన్నీ ఓపికతోని చెప్పింది. అక్క అంతా విని, మేడానికి చాయ్ పోసి, "నువ్వు మంచి పిల్లవు బిడ్డా, ఇది నిన్ను గూడ నమ్మిచ్చింది," అన్నదట.

మీరు నౌకరిల కొత్తగ చేరినోళ్లు గనుక ఒక మాట చెప్తున్న. మన దగ్గర ఉన్న బొమ్మ ఎంత సాఫుగుంటే మన మాటను గంత నమ్ముతరనుకుంటం. అట్ల కాదు. ఇల్లు పోతదని భయపడ్డ మనిషికి బొమ్మ ఎంత సాఫుగుంటే గంత భయం. నేను మొదటి నాడే "ఉత్తదే అక్కా" అని తేల్చేసే బదులు ఆఫీసుకు తోల్కపోయి స్క్రీన్ ముందట కూసోబెడితే అయిపోతుండె. ఆ బుద్ధి నాకు ఆలస్యంగ వచ్చింది.

మరుసటేడు ఉపగ్రహం మల్లొచ్చింది. ఈసారి గట్టు మీద ఎవలం నిలవడలే. ఫోటో తెరిస్తే మేడం కుర్చీలకెళ్లి లేచింది. మా కాలనీ లైన్లు ఎర్రగ, మందారాల దండ లెక్క ఉన్నయి. ఆ ఎండకాలం షెడ్లల్ల పండుకునేటోళ్లు రేకుల కింద ఉడికిపోలేదని అందరూ అన్నరు. అక్క పెనిమిటి మంచం గూడ షెడ్డులకే మార్చిన్రు, చల్లగుంటదని. ఆ దండ నడుమ ఒక్క కాడ మాత్రం బూడిద రంగు గడి. నాదే. ముందటేడు నీలంగ దొరకనిదాన్ని గద, నాకు మొక్కలియ్యలే.

ఆ ముక్కను అచ్చు తీసుకొని ఇంటికి పోయి గోడ మీద పెట్టిన. అక్క బట్టలారేస్తున్నది. ముందు చూడనట్టే చేసింది, తర్వాత కొంగుతోని చేతులు తుడుసుకొని దగ్గరికొచ్చింది.

"ఏందది?"

"మన కాలనీ. ఎర్రగున్నయన్ని మీ తీగెలు."

చాలా సేపు చూసింది. వేలు లైను ఎంబడి పోయి, బూడిద గడి కాడ ఆగింది.

"గిదేంది, పన్ను ఊడిన నోరు లెక్క?"

"అది మా ఇల్లక్కా. నేను కప్పలే అంటే నమ్మకపోతివి."

ఆమె బొమ్మను చూసింది, మా రేకులను చూసింది, మల్ల బొమ్మను చూసింది. నమ్మిందో లేదో చెప్పలే. "సర్వే ఆఫీసుల పనిచేస్తవు. నీదొక్కటి గిట్ల బోడిగ కనవడ్తే మా లైను ఇజ్జత్ ఏం గావాలె?" అని లోపలికి పోయింది.

తెల్లారి లేచి చూస్తే ఆమె సొర తీగెలల్ల ఒకటి గోడ మీదికెళ్లి మా షెడ్డు మీదికి మలిపి, సుతిలి తాడుతోని కట్టి ఉన్నది. నెల తిరిగేటాల్లకు సగం రేకులు కప్పేసింది. మా దిక్కు లేత కాయ ఒకటి దిగింది, ముట్టుకుంటే నూగు. పప్పుల వేద్దామని కత్తిపీట పక్కన పెట్టుకొని చెయ్యి చాపిన్నో లేదో, గోడవతలి కెళ్లి కేక.

"ముట్టినవో చూడు! తీగె నాది!"

ఏడాది తర్వాత ఆమె నన్ను మునుపటి లెక్క మనసార తిట్టుడు అదే మొదలు. కత్తిపీట లోపల పెట్టేసి, గోడ కాడికి పోయి మాట్లాడుకుంట నిలవడ్డ.